నారాయణఖేడ్‌కు ఒక సోల్డరింగ్ బల్ల కావాలి

పత్తికి, కందికి మందు కొట్టే రోజుల్లో నారాయణఖేడ్ పల్లెల్లో బ్యాటరీ స్ప్రేయర్ లేని చేను తక్కువ. వీపున మోసే ఆ డబ్బా అడుగున ఉండేది పెద్ద యంత్రాంగమేమీ కాదు. 12 వోల్టుల బ్యాటరీ, చిన్న మోటారు పంపు, ఒక స్విచ్, ఛార్జింగ్ సాకెట్, వాటిని కలిపే నాలుగైదు వైర్లు. అది ఆగిపోయినప్పుడు తప్పు ప్రతిసారీ మోటారుదో బ్యాటరీదో కాదు. స్విచ్ దగ్గర వైరు అతుకు ఊడి ఉండొచ్చు, మందు తడికి సాకెట్ తుప్పు పట్టి ఉండొచ్చు. సోల్డరింగ్ ఐరన్ పట్టడం వచ్చినవాళ్లకు అది ఐదు నిమిషాల పని. రానివాళ్లకు బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి, షాపు ముందు పడిగాపులు. పురుగు మాత్రం ఆ ఒక్క రోజూ ఆగదు.

ఇంట్లోకి వస్తే ఇలాంటివి ఇంకెన్నో. కండెన్సర్ పోయి మెల్లగా తిరిగే ఫ్యాను, ఒక చెవిలోనే వినిపించే ఇయర్‌ఫోన్, ఛార్జింగ్ ఎక్కని టార్చి, ఆరిపోయిన ఎల్ఈడీ బల్బు. ఇవన్నీ పల్లెకు కొత్తగా, డబ్బు పోసి కొనుక్కుంటే వచ్చినవే. బాగుచేసే చేయి మాత్రం వాటితో పాటు రాలేదు. ఆ చేయిని తయారుచేయడం ఊరి యువజన సంఘం చేయదగ్గ పని. వారానికి రెండు సాయంత్రాలు, ఒక బల్ల, పది మంది పిల్లలు, నేర్పడానికి ఊరి మెకానిక్. నారాయణఖేడ్ లాంటి ప్రతి మండల కేంద్రంలో ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, సోల్డరింగ్ ఇలా నేర్పించాలి. పాఠం సర్టిఫికెట్ కోసం కాకుండా, ఊళ్లో చెడిపోయి మూలన పడ్డ వస్తువుల నుంచి మొదలవ్వాలి. మెకానిక్‌కు ప్రభుత్వం డబ్బులు చెల్లించాలి.

సోల్డరింగ్ అంటే వైరుకు సీసం అంటించడమే కదా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మొదటి గంటలోనే ఆ అభిప్రాయం మారిపోతుంది. తగరం 60 పాళ్లు, సీసం 40 పాళ్లు కలిసిన మామూలు సోల్డర్ తీగ 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడుతుంది. విడిగా చూస్తే తగరానికి 232 డిగ్రీలు, సీసానికి 327 డిగ్రీలు కావాలి. రెండూ కలిస్తే అంతకన్నా తక్కువ వేడికే కరుగుతాయి. ఇది పుస్తకంలో చదివితే ఒక వాక్యం. కళ్ల ముందు జరిగితే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ‘ఎందుకు’ అన్నది. అక్కడి నుంచి మిశ్రమ లోహాల రసాయనశాస్త్రం దానంతటదే మొదలవుతుంది.

కొత్తగా పట్టుకున్న ప్రతి చేయీ చేసే పొరపాటు ఒకటే. సోల్డర్‌ను ఐరన్ మొన మీద కరిగించి, ఆ చుక్కను తెచ్చి అతుకు మీద అద్దుతారు. అది అంటుకున్నట్టే ఉంటుంది, రెండు రోజులకు ఊడిపోతుంది. సరైన పద్ధతిలో ముందు బోర్డు మీది రాగి బిళ్లను, దానిలోంచి పైకి వచ్చిన కాలును ఐరన్ మొనతో ఒకేసారి రెండు మూడు సెకన్లు వేడి చేయాలి. తర్వాత సోల్డర్ తీగను ఐరన్‌కు కాదు, ఆ అతుకుకు తాకించాలి. వేడి సరిగ్గా ఉంటే సోల్డర్ పెనం మీద నెయ్యిలా కాలు చుట్టూ పారి, మెరుస్తూ, అంచుల్లో పలచబడి నిలుస్తుంది. వేడి చాలకపోయినా, చల్లారే లోపల చేయి కదిలినా ఉండలా, మసకగా మిగిలిపోతుంది. మెకానిక్‌లు దాన్ని డ్రై సోల్డర్ అంటారు. పాత టీవీలను తట్టితే బొమ్మ రావడం, మళ్లీ పోవడం గుర్తున్నవాళ్లకు ఈ జబ్బు బాగా తెలుసు.

తీగలో ఉండే రోజిన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పైన్ చెట్ల బంకతో చేసే ఈ పదార్థం వేడికి కరిగి లోహం మీది ఆక్సైడ్ పొరను తొలగిస్తుంది. ఆ పొర పోతే తప్ప సోల్డర్ అంటదు. తుప్పు పట్టిన స్ప్రేయర్ సాకెట్‌కు ఎంత సోల్డర్ పోసినా ఎందుకు నిలవదో అప్పుడు తెలుస్తుంది. ముందు గీకి శుభ్రం చేయాలన్న మాట ఉపాధ్యాయుడు చెబితే మరచిపోయే పిల్లలు, అతుకు మూడుసార్లు ఊడాక మరచిపోరు.

మొదటి సాయంత్రం తయారయ్యే వస్తువు చిన్నదే. 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్ఈడీ, ఒక రెసిస్టర్. ఎర్ర ఎల్ఈడీకి దాదాపు 2 వోల్టులు చాలు. మిగిలిన 7 వోల్టులను రెసిస్టర్ మోయాలి. ఎల్ఈడీలో 15 మిల్లీ ఆంపియర్ల కరెంటు పారాలంటే ఏడును 0.015తో భాగించాలి, 467 వస్తుంది. బజారులో దొరికేది 470 ఓములు. జర్మన్ శాస్త్రవేత్త గేయోర్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన నియమం ఇదే. పదో తరగతిలో ప్రతి విద్యార్థీ దాన్ని చదువుతాడు, పరీక్షలో లెక్క చేస్తాడు. ఆ లెక్క తప్పితే ఎల్ఈడీ మాడిపోతుందని చూసినవాళ్లు మాత్రం తక్కువ. కావాలని ఒక ఎల్ఈడీని రెసిస్టర్ లేకుండా బ్యాటరీకి తగిలించి పిల్లలకు చూపించాలి. దాని ధర రూపాయి, రెండు రూపాయలు. అంతకన్నా చవకగా భౌతికశాస్త్రం ఎక్కడా దొరకదు.

రెసిస్టర్ మీద విలువ అంకెల్లో ఉండదు, రంగు పట్టీల్లో ఉంటుంది. పసుపు అంటే నాలుగు, ఊదా అంటే ఏడు, గోధుమ రంగు పట్టీ పక్కన ఒక సున్నా చేర్చమని చెబుతుంది. అంటే 470. నారాయణఖేడ్‌లో ఇదొక వరం. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. ఇప్పటికీ ఇక్కడి పిల్లల్లో ఇంట్లో కన్నడ మాట్లాడేవాళ్లున్నారు, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాట్లాడేవాళ్లున్నారు. బడి తెలుగు, ఇంగ్లిష్ పుస్తకాల దగ్గర వెనకబడే పిల్లలు రంగు పట్టీల దగ్గర వెనకబడరు. పది మంది పది భాషల్లో మాట్లాడుకున్నా పసుపు, ఊదా, గోధుమ రంగు మారవు.

చదువు రాకపోతే ఎలక్ట్రానిక్స్ రాదన్న భయాన్ని రాజస్థాన్‌లోని తిలోనియా ఎప్పుడో తీసేసింది. అజ్మీర్ జిల్లాలోని ఈ ఊళ్లో బంకర్ రాయ్ 1972లో మొదలుపెట్టిన బేర్‌ఫుట్ కాలేజ్, అక్షరం రాని గ్రామీణ మహిళలకు సౌర దీపాల సర్క్యూట్లు తయారుచేయడం, బాగుచేయడం నేర్పుతోంది. ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా దేశాల నుంచి నడివయసు ఆడవాళ్లు, అమ్మమ్మలైనవాళ్లు కూడా వచ్చి ఆరు నెలలు ఉండి నేర్చుకున్నారు. వచ్చినవాళ్లకు ఒకరి భాష మరొకరికి తెలియదు. రంగులు, సైగలు, చేతితో చేసి చూపించడం, వీటితోనే పాఠం నడిచింది. వాళ్లు తిరిగి వెళ్లి తమ ఊళ్లలో దీపాలు వెలిగించారు, అవి చెడిపోతే తామే బాగుచేశారు. శిక్షణకు మగపిల్లలను కాదని అమ్మమ్మలను ఎంచుకోవడానికి బంకర్ రాయ్ చెప్పే కారణం కూడా గమనించదగ్గది. పని నేర్చిన కుర్రాళ్లు సర్టిఫికెట్ పట్టుకుని పట్నానికి వెళ్లిపోతారు, అమ్మమ్మలు ఊళ్లోనే ఉంటారు.

అంత దూరం వెళ్లాల్సిన పని కూడా లేదు. నారాయణఖేడ్‌కు పక్కనే ఉన్న జహీరాబాద్ ప్రాంతంలో, ఝరాసంగం మండలం మాచునూరులో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్‌జ్ మీద ప్రసారాలు మొదలుపెట్టింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు నడిపే ఈ కేంద్రం, దేశంలో ఆడవాళ్లే నడిపే తొలి కమ్యూనిటీ రేడియో. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు యువతులు దాని గొంతులయ్యారు. గొంతులు మాత్రమే అనడం వాళ్ల పనిని తగ్గించడమే అవుతుంది. రికార్డింగ్, మిక్సర్ మీద చేయి ఆడించడం, కంప్యూటర్‌లో ఎడిటింగ్, ప్రసారం వదలడం, అన్నీ వాళ్లే నేర్చుకున్నారు. లైసెన్సు రావడానికి పదేళ్ల ముందే స్టూడియో తయారై ఉంది. ప్రసారానికి అనుమతి లేని ఆ ఏళ్లలో కార్యక్రమాలను క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘాల్లో వినిపించారు. చిరుధాన్యాలు పండించే ఆడవాళ్ల చేతికి యంత్రం ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు ఈ మెతుకు సీమలోనే జవాబు ఉంది. దాన్ని చూసి నేర్చుకోవాల్సింది జిల్లా అధికారులే.

తెలుగు నేల మీద ఇంకో పేరు చింతకింది మల్లేశం. ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటలో చేనేత ఇంట పుట్టి, ఆరో తరగతితో బడి మానేసిన ఆయన, చీరకు ఆసు పోయడానికి తల్లి లక్ష్మి వేల సార్లు చేయి ఆడించి భుజం నొప్పితో బాధపడటం చూశారు. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం సిద్ధమైంది. తర్వాతి కాలంలో అందులోకి మైక్రోకంట్రోలర్ కూడా వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆయన కథను పట్టుదలకు ఉదాహరణగా చెప్పడం రివాజు. దానిలో రెండో పాఠం కూడా ఉంది. ఏళ్ల తరబడి ఆయన ఒంటరిగా వెతుక్కున్న విద్యలో కొంతైనా ఊళ్లో ఒక బల్ల దగ్గర దొరికి ఉంటే, ఆ తల్లి భుజానికి ఎన్నేళ్లు ముందు విశ్రాంతి దొరికేదో ఆలోచించాలి.

ప్రభుత్వాలు ఈ దిశలో ఏమీ చేయలేదనడం సరికాదు. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు దేశమంతటా 10,000 దాకా పెరిగాయి. ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు, అందులో సగం సామగ్రికి, సగం నిర్వహణకు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రాబోయే ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50,000 ల్యాబ్‌లు పెడతామన్నారు. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు వాటిలో సెన్సార్లు, రోబోలు, త్రీడీ ప్రింటర్లతో పనిచేస్తారు. ఇది మంచి పథకం. దాన్ని తగ్గించమని ఎవరూ అడగకూడదు.

కానీ ఆ పథకం మైదాన ప్రాంతంలో 1,500 చదరపు అడుగుల గది ఉన్న బడినే చూస్తుంది. ల్యాబ్‌లో నేర్పడానికి పూర్తికాలపు కొలువంటూ ఏదీ అందులో లేదు. ఒక ఉపాధ్యాయుడు తన పాఠాలతో పాటు దాన్ని కూడా చూసుకోవాలి, బయటి నుంచి స్వచ్ఛందంగా మెంటార్లు వచ్చి సాయం చేయాలి. గచ్చిబౌలి చుట్టుపక్కల బడికి అలాంటి ఇంజినీరు ఆదివారం పూట దొరుకుతాడు. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న నారాయణఖేడ్‌కు, అక్కడి నుంచి ఇంకా లోపలికి ఉన్న కంగ్టికో నాగల్‌గిద్దకో వారం వారం ఎవరు వస్తారు? పైగా బడి మానేసిన పదిహేడేళ్ల కుర్రాడికి, ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న అమ్మాయికి బడి ల్యాబ్ తలుపు తెరుచుకోదు. ఈ విద్య అవసరం అందరికన్నా వాళ్లకే ఎక్కువ.

నేర్పే మనిషి మాత్రం ఊళ్లోనే ఉన్నాడు. బస్టాండ్ దగ్గర మొబైల్ షాపులో అద్దం బిగించుకుని ఛార్జింగ్ పిన్ మార్చే కుర్రాడు, నిన్న మొన్నటిదాకా టీవీలు, టేప్‌రికార్డర్లు బాగుచేసి ఇప్పుడు మిక్సీలు, హోమ్ థియేటర్లు చూస్తున్న పెద్దాయన, బోరు మోటార్ల స్టార్టర్ డబ్బాలు విప్పే ఎలక్ట్రీషియన్. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి విడిభాగాలు తెచ్చుకునే దారి వీళ్లకు తెలుసు. ఏ కంపెనీ బోర్డులో ఏ ఐసీ ముందు పోతుందో వీళ్ల వేళ్లకు తెలుసు. పాఠం చెప్పమని వీళ్లను ఇంతవరకూ ఎవరూ పిలవలేదు, ఎందుకంటే వీళ్ల దగ్గర డిగ్రీ లేదు. ఉన్న ఊళ్లోనే పాతికేళ్ల అనుభవం పెట్టుకుని, నేర్పే మనిషి లేడనడం అన్యాయం.

మెకానిక్‌కు చేయి తెలుసు, ఓమ్ నియమం మరచిపోయి ఉండొచ్చు. ఉన్నత పాఠశాలలో సైన్స్ ఉపాధ్యాయుడికి ఓమ్ నియమం తెలుసు, డ్రై సోల్డర్‌ను వేలితో కదిపి పట్టుకోవడం రాకపోవచ్చు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే పిల్లలకు పూర్తి పాఠం అందుతుంది. ఉపాధ్యాయుడు నెలకు ఒకటి రెండుసార్లు వచ్చినా చాలు, మెకానిక్ మాత్రం ప్రతి తరగతికీ ఉండాలి. తన షాపు మూసి వచ్చే మనిషికి శాలువా కప్పి పంపిస్తే రెండో వారం రాడు. సాయంత్రానికి 500 రూపాయల లెక్కన, వారానికి రెండు సాయంత్రాలకు నెలకు దాదాపు 4,000, ఏడాదికి 48,000 రూపాయలు. మండలానికి ఇంత ఇవ్వలేని స్థితిలో ఏ ప్రభుత్వమూ లేదు.

సామగ్రి ఖర్చు ఇంకా తక్కువ. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ 300 రూపాయల లోపు దొరుకుతుంది. మామూలు డిజిటల్ మల్టీమీటర్ కూడా దాదాపు అంతే. పది ఐరన్లు, వాటి స్టాండ్లు, ఐదు మల్టీమీటర్లు, సోల్డర్ తీగ, సోల్డర్ పీల్చే పంపులు, కటింగ్ ప్లేయర్లు, కళ్లద్దాలు, ఒక పొగ పీల్చే ఫ్యాను, రెసిస్టర్లు, ఎల్ఈడీలు, ట్రాన్సిస్టర్లు, 555 ఐసీలు, అన్నీ కలిపినా ఇరవై వేలకు కాస్త అటూ ఇటూ. 555 ఐసీని హాన్స్ కామెన్‌జిండ్ 1971లో రూపొందించాడు, మరుసటి ఏడాది సిగ్నెటిక్స్ కంపెనీ బజారులో పెట్టింది. యాభై ఏళ్లు దాటినా పది రూపాయల చుట్టూ దొరికే ఆ ఎనిమిది కాళ్ల ముక్కతో దీపాన్ని మినుకుమనిపించవచ్చు, అలారం మోగించవచ్చు, మోటారును ఆలస్యంగా ఆన్ చేయవచ్చు.

పాఠాల క్రమం కూడా ఊరి అవసరాలను బట్టే ఉండాలి. ఎల్ఈడీ తర్వాత తీగ తెగిందో లేదో చెప్పే బజర్ టెస్టర్. ఆ తర్వాత బీసీ 547 ట్రాన్సిస్టర్‌తో వాటర్ ట్యాంక్ నిండితే మోగే అలారం. దాన్ని చేసిన పిల్లవాడు ఇంటికి తీసుకెళ్లి తగిలిస్తాడు, తండ్రి చూస్తాడు, మరుసటి వారం తమ్ముడు కూడా వస్తాడు. ఆ తర్వాతే చెడిపోయిన వస్తువులు. నెలలో ఒక అంగడి రోజున యువజన సంఘం తన బల్లను బజారులో వేయాలి. జనం స్ప్రేయర్లు, టార్చిలు, రేడియోలు తెస్తారు, పిల్లలు మెకానిక్ కళ్ల ముందు విప్పుతారు. నెదర్లాండ్స్‌లో మార్టీన్ పోస్ట్‌మా 2009 అక్టోబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన రిపేర్ కేఫ్ ఇలాంటిదే. వస్తువు తెచ్చినవాళ్లు కూడా పక్కనే కూర్చుని చూడాలన్నది అక్కడి పద్ధతి. ఆ ఆలోచన దేశదేశాలకు పాకింది. సామాను పారేయడం ఇష్టంలేని నారాయణఖేడ్ రైతుకు దాన్ని వివరించి చెప్పాల్సిన పనే ఉండదు.

జాగ్రత్తల విషయంలో మాత్రం రాజీ ఉండకూడదు. ఐరన్ మొన 350 డిగ్రీల దాకా కాలుతుంది. కింద పడబోతే పట్టుకోవడానికి చేయి చాపడం మనిషి సహజ లక్షణం. పడనివ్వమని మొదటి రోజే చెప్పాలి, పదిసార్లు చెప్పాలి. సోల్డరింగ్ వేడికి సీసం ఆవిరి కాదు, ప్రమాదం దాని పొడి అంటిన చేతులతో తినడంలో ఉంది. బల్ల దగ్గర సమోసా, గుట్కా, నోట్లో తీగ పెట్టుకోవడం, ఏదీ కుదరదు. లేచే ముందు సబ్బుతో చేతులు కడగాలి. పైకి లేచే పొగ రోజిన్‌ది, అది ఊపిరితిత్తులకు పడదు, ఆస్తమాకు దారితీయగలదు. అందుకే ఫ్యాను, తెరిచిన కిటికీ. పిల్లల బల్లకు సీసం లేని సోల్డర్ వాడితే ఇంకా మేలు. అది 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చేయి కాస్త ఎక్కువ కుదరాలి, ఖరీదు కూడా ఎక్కువ. యూరప్ 2006 జులై నుంచి కొత్త ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్ని కట్టడి చేసింది, భారత్‌లోనూ ఇ-వ్యర్థాల నిబంధనలు అదే దారిలో నడిచాయి.

అన్నిటికన్నా పెద్ద నియమం ఇది. మొదటి మూడు నెలలు బల్ల మీద 12 వోల్టులకు మించిన సరఫరా ఉండకూడదు. గోడ ప్లగ్‌కు ఐరన్, పొగ పీల్చే ఫ్యాను తప్ప ఏదీ తగలకూడదు. 230 వోల్టుల కరెంటును నేరుగా డీసీగా మార్చే ఛార్జర్లు, టీవీ పవర్ సప్లైలలోని పెద్ద కండెన్సర్ దగ్గర 325 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్ పీకాక కూడా అది కాసేపు నిలిచి ఉండొచ్చు. యూట్యూబ్ చూసి ఎల్ఈడీ బల్బులు విప్పే కుర్రాళ్లు ఊరూరా ఉన్నారు. చాలా బల్బుల్లో లోపలి దీపాల పలకకు, ఇంటి కరెంటుకు మధ్య అడ్డుగా ట్రాన్స్‌ఫార్మర్ ఏదీ ఉండదని వాళ్లలో ఎందరికి తెలుసు? ఉబ్బిన లిథియం బ్యాటరీని పొడిస్తే మంటలు లేస్తాయని తెలియక పొడిచేవాళ్లూ ఉన్నారు. పిల్లలు ఎలాగూ విప్పుతున్నారు. పెద్దల కనుసన్నల్లో, కారణం తెలుసుకుని విప్పేలా చూడటం పెద్దల బాధ్యత.

చేల గట్ల మీద ఈ అజ్ఞానం ప్రాణాలు తీస్తోంది. అడవి పందులు రాకుండా కొందరు లైను నుంచి నేరుగా కరెంటు తీసి కంచె తీగకు తగిలిస్తారు. రాత్రిపూట తెలియక తగిలిన రైతులు, పశువులు చనిపోయిన వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా వస్తున్నాయి. జంతువులను బెదరగొట్టడానికి కంచెకు తగిలించే సోలార్ ఝట్కా మిషన్ ఇచ్చే దెబ్బ వేల వోల్టులది అయినా అది సెకనులో అతి చిన్న భాగం మాత్రమే ఉండి ఆగిపోతుంది, సెకనుకొకసారి మళ్లీ వస్తుంది. అందుకే జంతువు అదిరి వెనక్కి పోతుంది, చావదు. ఇంటి కరెంటు ఆగకుండా పారుతూనే ఉంటుంది, పట్టుకున్న చేతిని వదలనివ్వదు. వోల్టుకు, కరెంటుకు, అది పారే సమయానికి ఉన్న తేడాను మల్టీమీటర్ ముందు కూర్చుని నేర్చుకున్న కొడుకు ఇంట్లో ఉంటే, తండ్రి ఆ కంచె తీగ తగిలించే ముందు ఒకరైనా ఆపేవాళ్లుంటారు. ఈ ఒక్క కారణానికైనా ఈ బల్ల ప్రతి ఊళ్లో ఉండాలి.

ఈ ప్రతిపాదన మీద వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. ఇప్పటి ఫోన్ల బోర్డుల మీద భాగాలు ఆవగింజంత ఉంటాయి, 25 వాట్ల ఐరన్‌తో వాటిని ముట్టలేం అన్నది నిజమే. హాట్ ఎయిర్ మెషీన్, మైక్రోస్కోప్ కావాలి. అయితే వాటి దగ్గరికి వెళ్లేవాళ్లు కూడా ముందు ఇక్కడి నుంచే వెళ్లాలి. వస్తువులు విప్పడానికి వీల్లేకుండా కంపెనీలు అతికించి అమ్ముతున్నాయన్నదీ నిజమే. దానికి చట్టం కావాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, కంపెనీలు మాన్యువళ్లు, విడిభాగాల వివరాలు అందులో పెట్టాలన్నది ఉద్దేశం. ఆ హక్కును వాడుకోవడానికి పల్లెల్లో చదివి విప్పగలిగే జనం కావాలి.

ఇంకో అభ్యంతరం తల్లిదండ్రులది. కొడుకును ఇంజినీరు చేయాలనుకుంటే మెకానిక్‌ను చేస్తారా అని అడుగుతారు. చేత్తో పని చేయడాన్ని తక్కువగా చూసే అలవాటే తెలుగు ఇంజినీరింగ్ చదువులను కుంగదీసింది. నాలుగేళ్ల ఎలక్ట్రానిక్స్ డిగ్రీ పూర్తిచేసి ఒక్క అతుకైనా వేయని పట్టభద్రులు తెలుగు రాష్ట్రాల్లో ఎందరో. పద్నాలుగేళ్లకే బల్ల దగ్గర కూర్చున్న పిల్ల రేపు ఇంజినీరింగ్‌లో చేరితే అక్కడి పాఠం ఆమెకు తేలికవుతుంది.

ఆమెకు అన్నది పొరపాటున పడ్డ మాట కాదు. పది మందిలో సగం అమ్మాయిలు ఉండాలన్నది షరతుగా పెట్టాలి, తరగతి వేళలు వాళ్లు చీకటి పడకముందే ఇంటికి చేరేలా ఉండాలి. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో అసెంబ్లీ లైన్ల మీద ఎక్కువగా కనిపించేది ఆడపిల్లలే. కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 28న ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. దానికి న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల భూములు పోతున్నాయి. భూములిచ్చిన ప్రాంతం పిల్లలకు రేపు ఆ గేటు దగ్గర కాపలా పని, లోడింగ్ పని మాత్రమే మిగలకూడదనుకుంటే, ఫ్యాక్టరీ గోడలు లేచాక శిక్షణ మొదలుపెడితే ఆలస్యమవుతుంది. రాష్ట్ర ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఆధునిక కేంద్రాలుగా మారుస్తోంది. వాటిలో చేరడానికి ముందు ఈ పని తనకు నచ్చుతుందో లేదో తెలుసుకునే చోటు పిల్లలకు ఊళ్లోనే ఉండాలి.

ఆసక్తి పెరిగిన పిల్లలకు పైకి దారి కూడా ఉంది. హైదరాబాద్‌లో 1983 నుంచి పనిచేస్తున్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో హామ్ రేడియో పరీక్షలకు శిక్షణ ఇస్తుంది. పన్నెండేళ్లు నిండినవాళ్లు లైసెన్సు పరీక్ష రాయవచ్చు, దానిలో సగం ప్రాథమిక ఎలక్ట్రానిక్సే. 2004 డిసెంబర్ 26న సునామీ అండమాన్‌ను ముంచినప్పుడు, ఆ సంస్థ తరఫున పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం తమ రేడియో సెట్లతోనే దీవుల కబురు బయటికి పంపింది. ఫోన్లు మూగబోయిన ఆ రోజుల్లో తమవాళ్లు బతికే ఉన్నారన్న మాట ఎన్నో ఇళ్లకు అలాగే చేరింది.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలన్న మాట. నారాయణఖేడ్, కంగ్టి, మనూరు, సిర్గాపూర్ తండాల నుంచి దసరా తర్వాత కుటుంబాలకు కుటుంబాలు చెరకు నరకడానికి వలస పోతాయి, ఎండాకాలం ముందు తిరిగొస్తాయి. తల్లిదండ్రులతో పోకుండా ఉండిపోయే పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి. ఆ నెలల్లో సాయంత్రాలు చాలా పొడవుగా ఉంటాయి. మొదటి బల్లను అక్కడ వేయాలి. వేసవిలో వలస నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ల కోసం రెండో జట్టును యువజన సంఘం ఆఫీసులోనో గ్రంథాలయం వరండాలోనో కూర్చోబెట్టాలి. ఇప్పుడు మేరా యువ భారత్‌గా మారిన నెహ్రూ యువ కేంద్రాలకు ఊరూరా యువజన సంఘాలతో సంబంధం 1972 నుంచి ఉంది, క్రికెట్ కిట్లు పంచిన ఆ దారిలోనే టూల్ కిట్లు కూడా పంచవచ్చు. జిల్లా కలెక్టర్ చేతిలో ఉండే నిధుల్లోంచి మొదటి ఏడాదికి మండలానికి 70,000 రూపాయలు కేటాయిస్తే సామగ్రికీ మెకానిక్‌కూ సరిపోతుంది, రెండో ఏడాది నుంచి 50,000 చాలు. నిధులు తగ్గించాల్సి వస్తే ఐరన్లు పది బదులు ఆరు కొనవచ్చు, మల్టీమీటర్‌ను ఇద్దరికి బదులు ముగ్గురు పంచుకోవచ్చు. మెకానిక్‌కు ఇచ్చే నెల డబ్బులను మాత్రం ఒక్క నెల కూడా ఆపకూడదు.